ఎరువు సబ్జెక్టులో బ్యాక్‌లాగ్

హాస్టల్ మెస్‌లో మిగిలే అన్నం, కూరలను క్యాంపస్‌లోనే ఎరువు చేస్తామని ఓ యూనివర్సిటీ తీర్మానించింది. మళ్లీ.

రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వచ్చే విశ్వవిద్యాలయాలను 2016 ఘనవ్యర్థాల నిబంధనలు భారీ చెత్తదారుల జాబితాలో చేర్చాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన సంస్థలు తడి చెత్త సంగతి వీలైనంతవరకు తమ ఆవరణలోనే తేల్చుకోవాలన్నాయి. గడువు ఏడాది. చదువులమ్మ నిలయం కదా, ఇంకా సప్లిమెంటరీలు రాస్తూనే ఉంది.

మెతుకులు కంపు కొట్టకుండా మాగాలంటే ఎండుటాకులు కలపాలి. నత్రజని ఒక పాలైతే కార్బన్ దాదాపు 30 పాళ్లు. పర్యావరణ విభాగం ఈ పాఠం చెబుతుండగానే కిటికీలోంచి పొగ వస్తుంది. తోటమాలి ఎండుటాకులు తగలబెడుతున్నాడు.

కుప్పను అప్పుడప్పుడూ తిరగేయాలి. ప్రస్తుతానికి ఫైలు తిరుగుతోంది.

బాగా చూసుకుంటే రెండు మూడు నెలల్లో ఎరువు చేతికొస్తుంది. టెండరుకు అంత తొందర లేదు.

ఎరువు గుంత ప్రారంభోత్సవం మాత్రం ఘనంగా జరిగింది. విందులో మిగిలిన బిర్యానీ మునిసిపాలిటీ లారీ ఎక్కింది. గుంతలో పడింది కత్తిరించిన రిబ్బన్ ముక్క ఒక్కటే. అది నైలాన్‌ది, కుళ్లదు.