బంతి పిల్లలది, పటం పెద్దలది

అమెరికాలో పన్నెండేళ్ల పిల్లల బేస్‌బాల్ జట్టు గెలిస్తే ఊరంతా కోచ్ అయిపోతుంది. 2014 ఆగస్టులో షికాగో సౌత్‌సైడ్ కుర్రాళ్ల ‘జాకీ రాబిన్సన్ వెస్ట్’ జట్టు విలియమ్స్‌పోర్ట్‌లో జరిగే లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌కు వెళ్లి, అమెరికా ఛాంపియన్ అనిపించుకుంది. ఆపై ప్రపంచ ఫైనల్లో దక్షిణ కొరియా చేతిలో ఓడింది కానీ, అదెవరికి పట్టింది? వీధుల్లో ఊరేగింపు, వైట్‌హౌస్‌లో ఒబామాతో ఫొటో. గెలుపులో వాటా అడగని పెద్దమనిషి లేడు.

2015 ఫిబ్రవరిలో అసలు ఆట బయటపడింది. ఏ పేట పిల్లలు ఏ జట్టుకు ఆడాలో చెప్పే హద్దుల పటం ఒకటుంటుంది. పెద్దలు ఆ పటాన్నే కాస్త సాగదీసి, పక్క పేటల పిల్లల్ని కలిపేసుకున్నారని లీగ్ తేల్చింది. టైటిల్ లాక్కుని లాస్‌వెగాస్ జట్టుకిచ్చేసింది. కోచ్‌కు సస్పెన్షన్ సరే, బ్యాటు తప్ప పెన్సిల్ పట్టని పిల్లలేం చేశారట?

అంతకుముందు 2001లో అదే లిటిల్ లీగ్‌లో మరో ఘనకార్యం. బ్రాంక్స్ జట్టులో బంతి విసిరే పిచ్చర్‌కు కాగితంలో పన్నెండేళ్లు, ఒంట్లో పద్నాలుగు!

మనం నవ్వక్కర్లేదు లెండి. జూనియర్ క్రికెటర్ల వయసు తేల్చడానికి బీసీసీఐ మణికట్టుకు ఎక్స్‌రే తీయిస్తోంది. పుట్టినతేదీ సర్టిఫికెట్‌ను నమ్మలేక ఎముకను సాక్ష్యం అడుగుతున్నారు. ఎముకకు లంచమివ్వడం మనవాళ్లకింకా చేతకాలేదు మరి!