పల్లెవెలుగు ఎక్కగల ట్రాలీ

మదనపల్లె వాళ్ళకు సామాను మొయ్యడం పుట్టుకతో వచ్చిన విద్య. ఊరి పేరు పెట్టుకున్న రైల్వే స్టేషను కూడా ఊళ్ళో ఉండదు. ‘మదనపల్లె రోడ్’ అని బోర్డు రాసుకుని, పోయి సి.టి.ఎం. అనే పల్లెలో కూర్చుంది. రైలెక్కాలంటే ముందు బస్సెక్కాలి, బస్సెక్కాలంటే ముందు ఆటో ఎక్కాలి, ఆటో ఎక్కాలంటే ముందు సంచులు లెక్కపెట్టుకోవాలి. ఇన్ని ఎక్కుళ్ళు, ఇన్ని దిగుళ్ళు ఉన్న ఊళ్ళో చక్రాలున్న సంచికి నీరాజనాలు పట్టాలి. పట్టకపోగా, దాన్ని లాక్కుంటూ పోయేవాణ్ణి చూసి నవ్వుతారు.

మా అమ్మాయి కాపురం కుప్పంలో. అక్కడ అంగళ్ళు లేవా అంటే ఉన్నాయి, మా ఆవిడ లెక్కలో మాత్రం లేవు. టమోటాలు మదనపల్లెవే అయ్యుండాలి. చింతపండు దారిలో పుంగనూరులో దిగి, ఆమెకు తెలిసిన అంగట్లోనే కొనాలి. రాగిపిండి మా వీధి మిషన్లో ఆడించిందే కావాలి. చలికాలమైతే అనపకాయలు. పితికిపప్పు లేకపోతే అల్లుడు ఏమనుకుంటాడో అని ఆమె బెంగ. అల్లుడు ఏమీ అనుకోడు, అతను రాత్రిపూట తినేది చపాతీ. వీటన్నిటి మీద ఒక ఆవకాయ జాడీ, జాడీ పగలకుండా చుట్టిన పాత దుప్పటి, ఆ దుప్పటి మరిచిపోకుండా వెనక్కి తెమ్మని నాకు హెచ్చరిక. “అంతా కలిపి ఎంతండీ, రెండు సంచులు!” అంటుంది. ఆ రెండు సంచుల్లో మూడోది దాక్కుని ఉంటుంది.

ఇన్నాళ్ళూ ఈ రవాణా అంతా వైరు బుట్ట, యూరియా సంచి, నా భుజాలు కలిసి చూసుకున్నాయి. ఈమధ్య ఎముకల డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే, “ఎత్తొద్దన్నాడు గానీ, లాగొద్దనలేదు కదా” అంది మా ఆవిడ. మడత ట్రాలీ కొనాలన్న తీర్మానం ఆ క్షణంలోనే నెగ్గింది. వ్యతిరేకంగా ఓటు వేసే హక్కు నాకు లేదు.

ఫోన్లో ట్రాలీల బొమ్మలు చూడటం మొదలుపెట్టాం. ఒక బొమ్మలో టోపీ పెట్టుకున్న దొర ఒకాయన నీళ్ళ మీది చెక్కల దారిలో ట్రాలీ లాక్కుంటూ తన పడవ దగ్గరికి పోతున్నాడు. ట్రాలీలో రొట్టెలు, నీళ్ళ సీసాలు, ఒక పూలగుత్తి. “మనకు పడవ యాడుందండీ?” అంది మా ఆవిడ. నిజమే. మదనపల్లెకు బాహుదా, పలమనేరుకు కౌండిన్య, కుప్పం వైపు పాలారు ఉన్నాయి. పేరుకు మూడేర్లు. ఏడాదిలో ఎక్కువ రోజులు వాటిలో పడవ నడపాలంటే ముందు పడవకు చక్రాలు పెట్టించాలి.

అయినా ఆలోచించి చూస్తే ఆ దొర కష్టమూ నా కష్టమూ ఒకటే. ఆయన కారు ఒడ్డున ఆగిపోతుంది, అక్కడి నుంచి పడవ దాకా సామాను లాక్కుపోవాలి. పడవ ఎక్కాక ట్రాలీ పెట్టుకునే చోటుండదు, అందుకని మడవాలి. ఎప్పుడూ తడే, అందుకని తుప్పు పట్టని అల్యూమినియమో, జింకు పూత వేసిన ఇనుమో వాడతారు. నా ఆటో బస్టాండు బయట ఆగిపోతుంది. అక్కడి నుంచి బస్సు దాకా లాగాలి. బస్సులో కాలు పెట్టే చోటుండదు, కాబట్టి మడవాలి. వానొచ్చినప్పుడు మన కిటికీ అద్దం ఒక్కటే బిగుసుకుపోతుంది, కాబట్టి తుప్పు పట్టకూడదు. ఆయన ఎక్కేది పడవ, నేను ఎక్కేది పల్లెవెలుగు. ఊగడంలో పెద్ద తేడా ఉంటుందని నేననుకోను.

కొనేముందు మడతపెట్టాల్సింది ఇంకొకటుంది. అది నామోషీ. ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. 1937లో అమెరికాలో, ఓక్లహోమా సిటీలో, సిల్వన్ గోల్డ్‌మన్ అనే కిరాణా అంగళ్ళ యజమానికి ఒక దిగులుండేది. చేతిలో బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారు. ఒకరోజు మడత కుర్చీ చూస్తుంటే ఆలోచన తట్టింది. సీటు మీద ఒక బుట్ట, దాని కింద ఒక బుట్ట, కాళ్ళకు చక్రాలు. అంగడి బండి తయారైంది. తీరా పెడితే ఎవరూ ముట్టుకోలేదు. ఒక బుట్ట మొయ్యలేనంత చేవ చచ్చిందా మాకు అని మగవాళ్ళు, పిల్లల బండ్లు తోసి తోసి విసిగిపోయాం, మళ్ళీ ఇదొకటా అని ఆడవాళ్ళు. చివరికి ఆయన డబ్బులిచ్చి మనుషుల్ని పెట్టి, వాళ్ళ చేత తన అంగట్లో బండ్లు తోయించాడు. వాళ్ళను చూసి మిగతావాళ్ళు అలవాటు పడ్డారు. మదనపల్లెలో అట్లా డబ్బులిచ్చేవాళ్ళు లేరు కాబట్టి ఆ ఉద్యోగం నేను ఉచితంగా చేస్తున్నాను.

వీధి చివరికి చేరేలోపు వచ్చే ప్రశ్నలు ఇవి: “ఏం సార్, గ్యాసు అయిపోయిందా?” “మనవడు యాడ సార్, ఖాళీ బండి లాగతా ఉండారు?” “రిటైరైనాక యాపారమా సార్, మంచిదే.” ఎదురింటాయన ఒక్కడే ఏమీ అనలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, కాఫీ తాగి, లోకాభిరామాయణం అంతా అయ్యాక, “పెండ్లి సామాను తేవాల, రెండ్రోజులు ఇస్తారా?” అన్నాడు. నామోషీ ఉన్నది కొనడానికే, అడిగి తీసుకుపోవడానికి కాదు.

ఇక అసలు ఎంపిక. మొదటి సంగతి బరువు. దాని గురించి మదనపల్లెలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. టమోటా మార్కెట్ యార్డులో హమాలీలు పొద్దుటి నుంచీ క్రేట్లు దించుతూ, పేరుస్తూనే ఉంటారు. 2023 జూలైలో కిలో టమోటా 200 రూపాయలకు దగ్గర పడినప్పుడు ఒక క్రేటు నా పింఛను వైపు చిన్నచూపు చూసింది. ధర పడిపోయిన రోజుల్లో అవే కాయలను రోడ్డు పక్కన పారబోస్తారు. ధర ఎట్లున్నా బరువు మాత్రం గ్రాము తగ్గదు. ట్రాలీ అట్టపెట్టె మీద ‘40 కిలోలు’ అని ఉంటుంది. అది చదునైన నేల మీది లెక్క. చక్రం గుంతలో పడినప్పుడు అదే బరువు ఇరుసును సమ్మెటతో కొట్టినంత పని చేస్తుంది. యార్డులో ఒక పెద్ద హమాలీని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు. “నలభై అని రాసుంటే ఇరవై ఎయ్యాల సార్. మనిషికైనా అంతే.” పరీక్షకు వేరే తూకం రాళ్ళు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న 20 లీటర్ల నీళ్ళ క్యాను నిండుగా పెట్టి వీధి చివరిదాకా ఒకసారి తిప్పితే దాని జాతకం తెలిసిపోతుంది.

రెండోది చక్రం. ట్రాలీలు అమ్మే అంగళ్ళలో నున్నటి టైల్సు పరిచి ఉంటారు. ఆ నేల మీద బీరువా కూడా హాయిగా దొర్లుతుంది. బయటికి తీసుకుపోయి చూస్తానంటే అంగడబ్బాయి మనల్ని దొంగను చూసినట్టు చూస్తాడు. చూడనీండి. చక్రం ఎత్తులో సగం ఎత్తున్న రాయి అడ్డం వచ్చిందంటే, నేలకు సమాంతరంగా ఎంత గుంజినా అది ఎక్కదు, పైకి ఎత్తాల్సిందే. ఇది భౌతికశాస్త్రం, బేరం ఆడితే తగ్గదు. నాలుగు సెంటీమీటర్ల చక్రాన్ని ఆపడానికి రెండు సెంటీమీటర్ల రాయి చాలు. మా వీధిలో అంత రాయిని రాయి అనరు, ఇసక అంటారు. కాబట్టి చక్రం కనీసం జానెడు ఉండాలి.

నాలుగు చక్రాల ట్రాలీలు చూడటానికి దర్జాగా ఉంటాయి. అయితే మదనపల్లె వీధులకు ఎత్తుపల్లాలెక్కువ. నాలుగు చక్రాలదాన్ని ఆపుచీల లేకుండా వాలులో వదిలి చిల్లర వెతుక్కుంటే, అది మనకన్నా ముందు బస్టాండు చేరుతుంది. రెండు చక్రాలది వదిలితే వదిలినచోటే కుదురుగా కూర్చుంటుంది. గాలి టైర్లు మెత్తగా పోతాయి గానీ మనది తుమ్మముళ్ళ సీమ. పంక్చర్ల అంగడి అతను అట్లాంటి టైరును అటూ ఇటూ తిప్పి, “ఈ సైజు ట్యూబు నాకాడ లేదు సార్, గట్టి రబ్బరుది తీసుకోండి” అన్నాడు. వట్టి ప్లాస్టిక్ చక్రం మాత్రం వద్దు. తెల్లవారుజాము బస్సుకని బయల్దేరితే దాని గడగడకు వీధంతా లేచి, ‘సార్ కుప్పం పోతా ఉండాడు’ అని తెలుసుకుని మళ్ళీ పడుకుంటుంది.

చక్రం చూశాక వంగి ఇరుసు కొస చూడండి. చవకవాటిలో చక్రం ఊడకుండా పట్టుకునేది ఒక చిన్న ప్లాస్టిక్ టోపీ. గోటితో లాగితే వచ్చేస్తుంది. గోటికి వచ్చేది రాయికి రాకుండా పోదు. ఇరుసు కొసకు రంధ్రం చేసి, అందులోంచి ఇనుప చీల దూర్చి, దాని కాళ్ళు విడదీసి వంచి ఉంటే అది నమ్మదగ్గ బండి. మా తాత ఎద్దులబండి కొన్నా ముందు కడచీలే చూసేవాడు, ఎద్దుల సంగతి తర్వాత.

మూడోది సర్దడం. రెండు చక్రాల ట్రాలీలో బరువైనవి అడుగున, ఇరుసుకు దగ్గరగా ఉండాలి. అప్పుడు వాల్చి లాగితే బరువు చక్రాల మీద పడుతుంది, మణికట్టు మీద పడదు. చింతపండు కింద, రాగిపిండి దాని మీద, జాడీ మధ్యలో, టమోటాలు పైన. ఇంత శాస్త్రం ఉంది గానీ మా ఆవిడ చింతపండు కొనేది పుంగనూరులో. అంటే అన్నిటికన్నా చివర కొన్నది అన్నిటికన్నా కిందికి పోవాలి. అందుకని పుంగనూరు బస్టాండులో ప్రతిసారీ మొత్తం దించి మళ్ళీ సర్దుతాం. ఒకసారి అట్లా దించి పెట్టుకుంటే, ఎవరో ఒకామె ఆగి “టమోటా ఎంతమ్మా?” అని అడిగింది. మా ఆవిడ ధర చెప్పింది కూడా. నేను అడ్డం పడకుంటే బేరం కుదిరేదే.

పుంగనూరు అంటే పొట్టి ఆవు గుర్తుకొస్తుంది. నిలబడితే 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు. 2024 జనవరిలో ప్రధానమంత్రి ఢిల్లీలో తన నివాసంలో వాటికి మేత పెడుతున్న ఫోటోలు వచ్చాక దేశమంతా వాటి ముచ్చటే. జాతి అంతరించకుండా పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఎప్పటి నుంచో పాటుపడుతోంది. నా ట్రాలీ పిడి ఎత్తు మీటరు, అంటే ఆవు కన్నా నా బండే పొడుగు. పిడి అంతకు తగ్గితే పొడుగువాళ్ళు నడుము వంచి లాగాలి, డాక్టరుకు ఇంకో ఎముక దొరుకుతుంది. వచ్చిన చిక్కేమిటంటే, బస్టాండులో తిరిగే ఆవులు పొట్టి జాతివి కావు, మామూలు ఎత్తువే. అనపకాయల వాసన వాటికి ఇట్టే తెలుస్తుంది. సంచికి జిప్పున్న మూత ఉండాలని అంగట్లో ఎవరూ చెప్పరు, పుంగనూరులో చెబుతారు, అదీ నాలుకతో.

నాలుగోది మడత. అంగడబ్బాయి రెండు చేతులూ, ఒక కాలూ వాడి చిటికెలో మడిచి చూపిస్తాడు. బస్టాండులో మన ఒక చేతిలో జాడీ ఉంటుంది, బస్సు ఇంజను ఆగదు, వెనకనున్నవాళ్ళు తోస్తుంటారు. ఒంటి చేత్తో, వేలు నలగకుండా మడత పడేదే మడత ట్రాలీ. సంచి, చట్రం విడివిడిగా రావాలి. సంచికి సొంత పట్టీలుండాలి. సంచి సీటు కిందికి, చట్రం కాళ్ళ పక్కకు. కలిసే ఉండేవాటిని చూసి కండక్టరు, “సార్, ఆ మంచం దారికడ్డం ఉండాది, యాడన్నా పెట్టండి” అంటాడు.

కుప్పంలో కథ రైలుకు మారుతుంది. బెంగళూరు – జోలార్‌పేట లైనులో ఉన్న ఊరు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయికీ ఆవకాయలో వాటా ఉంది. రైలు పెట్టెలోకి తెచ్చుకునే ట్రంకు పెట్టెలకూ సూటుకేసులకూ రైల్వే వాళ్ళు పెట్టిన కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు. రెండో తరగతిలో ఉచితంగా తీసుకుపోగల బరువు 35 కిలోలు. మా ఆవిడ దీన్ని హద్దుగా కాక లక్ష్యంగా తీసుకుంది. మెట్లెక్కడానికని ఒక్కో పక్క మూడేసి చక్రాలున్న ట్రాలీలు వచ్చాయి. మెట్టు మీద ఒకదాని తర్వాత ఒకటి తిరిగి ఎక్కుతాయి, పనికొస్తాయి. కాకపోతే బండే బరువు, కిక్కిరిసిన పెట్టెలో ఆరు చక్రాలూ ఆరుగురి కాళ్ళను పలకరిస్తాయి.

ద్రావిడ భాషల కోసం 1997లో విశ్వవిద్యాలయం వెలసిన ఊరు కుప్పం. ప్లాట్‌ఫారం మీద నా ట్రాలీ గురించి తెలుగు, తమిళం, కన్నడం మూడు భాషల్లోనూ చర్చ జరిగింది. మూడింటి సారాంశం ఒక్కటే: “ఎంతకు కొన్నారు?”

మీరూ కొనబోతుంటే నా మనవి ఇదీ. రంగు చూడకండి, జేబులెన్నో లెక్కపెట్టకండి. జానెడు రబ్బరు చక్రాలు రెండు, ఇరుసుకు ఇనుప చీల, నడుముకు అందే పిడి, ఒంటి చేతి మడత, జిప్పున్న మూత, విడిగా వచ్చే సంచి. ఇవుంటే చాలు. ఇరుసుకు అప్పుడప్పుడు నూనె చుక్క వేయండి. చివరగా, ట్రాలీని లాగి చూసి కొనకండి, ఎత్తి చూసి కొనండి. మన రోడ్ల మీద అది లాగనిచ్చే దూరం కన్నా ఎత్తాల్సిన చోట్లే ఎక్కువ.