కె కదలకూడదు

లెక్కల మాస్టారు ఆ నెలంతా మహా హుషారుగా ఉన్నారు. బెంగళూరులో ఉన్న కొడుకు, కోడలు, మనవడు ఇంటికొచ్చేశారు. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి ఇక ఇక్కడే ఉంటామన్నారు. ఆ ఉత్సాహమంతా ఎనిమిదో తరగతి మీద కుమ్మరించారు.

అనులోమానుపాతం పాఠం. మన పాతవాళ్లు దీన్ని త్రైరాశికం అనేవాళ్లన్నారు. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించమని 499 నాటి ఆర్యభటీయంలోనే ఉందన్నారు. పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే గణితాన్ని తెలుగు పద్యాల్లోకి దించాడన్నారు. పిల్లల ఇచ్ఛంతా ఇంటి బెల్లు మీదే ఉంది.

మాస్టారు బోర్డు దగ్గరికెళ్లారు. "3 కిలోల ఉల్లిపాయలు 90 రూపాయలు. 7 కిలోలు?"

"210 సార్!"

"ఎలా వచ్చింది? కిలో 30 చొప్పున. ఆ 30 ఉందే, అదే కె. స్థిరాంకం. ఎన్ని కిలోలు కొన్నా అది కదలకూడదు. రెండూ పెరిగితే చాలదర్రా. వయసూ పెరుగుతుంది, ఎత్తూ పెరుగుతుంది. పదేళ్లకి నాలుగున్నర అడుగులున్నవాడు నలభై ఏళ్లకి పద్దెనిమిది అడుగులవుతాడా?"

క్లాసు గొల్లుమంది. రేపు ఎవరింటి లెక్క వాళ్లు రాసుకు రమ్మన్నారు.

మర్నాడు పాలు, పెట్రోలు, పూలమూరలు, అన్నీ వచ్చాయి. చివరి బెంచీ పిల్ల నోటుబుక్కులో మాత్రం రెండే వరసలున్నాయి:

ఇద్దరికి అంట్లు, బట్టలు: నెలకి 1200.
అయిదుగురికి అంట్లు, బట్టలు: నెలకి 1200.

మాస్టారు ఎర్రపెన్ను తీశారు. "ఇదేమిటమ్మా? మొదట మనిషికి 600. తర్వాత 1200ని 5తో భాగిస్తే 240. కె సగానికన్నా కిందికి దిగజారిపోయింది! అయిదుగురికి 3000 రావాలి. తప్పు." పేజీ పొడవునా ఇంటూ కొట్టి, పుస్తకం ఎత్తి క్లాసందరికీ చూపించారు. "ఇంత మోటు తప్పు ఎవరైనా చేస్తారా?"

ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది.

"తప్పే సార్. మీ ఇంట్లో మేడం గారికి కూడా ఇలాగే చెప్పండి సార్. మా అమ్మ చెబితే వినట్లేదు."