నన్ను చెరపకుండా దాచారు

నేనొక టేపును. సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడి పూసి నన్ను తయారుచేశారు. గొంతు మైకులో పడి కరెంటుగా మారుతుంది. ఆ కరెంటు హెచ్చుతగ్గులను రికార్డింగ్ హెడ్ అయస్కాంత శక్తిగా మార్చి నాకు అందిస్తే, నా ఒంటిమీది పొడి వాటిని పట్టి ఉంచుకుంటుంది. మద్రాసులోని విజయా గార్డెన్స్ స్టూడియో అప్పట్లో నా ఇల్లు. అక్కడ మా జాతికి ఆయుష్షు తక్కువ. పాట ఫిల్ము మీదికి ఎక్కగానే మమ్మల్ని చెరిపేసి మరో పాటకు వాడుకునేవారు.

1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' సినిమా పాటొకటి నా మీద ఎక్కింది. పాడినవాళ్లలో పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య ఉన్నారు. ముగ్గురూ అప్పటికే పేరు మోసినవాళ్లు. నాలుగో గొంతు మాత్రం సినిమాల్లో ఎవరూ ఎరగనిది. ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి, నెల్లూరులో హరికథలు చెప్పే సాంబమూర్తిగారి అబ్బాయి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం.

నా దాకా రాకముందే ఆ గొంతు కొందరు పెద్దల చెవిన పడింది. చదువుకునే రోజుల్లో తానే రాసి, తానే బాణీ కట్టి పాడిన లలితగీతానికి విజయవాడ ఆకాశవాణి బహుమతి వచ్చింది. నెల్లూరు దాటి మద్రాసు వెళ్లే దారిలోని గూడూరులో పాటల పోటీ జరిగితే రెండో బహుమతి ఇచ్చారు. ముఖ్య అతిథిగా వచ్చిన గాయని ఎస్. జానకి, మొదటి బహుమతి ఈ అబ్బాయికే రావలసిందన్నారు, సినిమాల్లో ప్రయత్నించమని ప్రోత్సహించారు. మద్రాసులో మరో పోటీలో విన్న సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి సినిమాలో పాడిస్తానని మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకున్న రోజే నా మీద ఈ పాట ఎక్కిన రోజు.

కోదండపాణిగారు అంతటితో ఆగలేదు. రికార్డింగ్ ఇంజనీరు స్వామినాథన్‌గారి దగ్గరికెళ్లి నన్ను ఏడాదిపాటు చెరపవద్దని అడిగారు. స్టూడియోకు ఏ సంగీత దర్శకుడు వచ్చినా ఈ కుర్రాడి పాట వినిపించమన్నారు. స్వామినాథన్‌గారు సరేనన్నారు. సాటి టేపులు పాట వెంట పాట మోసి చెరిగిపోతుంటే, నేను ఒక్క పాటతో బతికాను.

పాటకు విలువ కట్టడమంటే నాకు తెలిసింది ఇదే. సభలో మెచ్చుకోలు ఆ సాయంత్రానికి సరిపోతుంది. గొంతులో సత్తా ఉందని నిజంగా నమ్మినవాళ్లు అది మరో నలుగురికి చేరేదాకా ఊరుకోరు. పోటీపడే సాటి సంగీత దర్శకులకు తన ఎంపికను తానే వినిపించాలంటే ఎంత పెద్ద మనసుండాలి! ఆ పాట నిడివి కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలు మళ్లీ మళ్లీ వినబడేలా చూసిన మనిషి ఉండబట్టే కొత్త గొంతుకు దారి దొరికింది.

బాలసుబ్రహ్మణ్యం ఆ రుణం మరచిపోలేదు. తర్వాత తాను కట్టుకున్న రికార్డింగ్ థియేటరుకు కోదండపాణిగారి పేరే పెట్టుకున్నారు. 'పాడుతా తీయగా' టీవీ కార్యక్రమంలో ఎందరో పిల్లల పాట విని, తప్పు దిద్ది, ఒప్పును మెచ్చి, లోకానికి వినిపించారు.

నెల్లూరులో ఇవాళ కూడా ఏ పిల్లో పిల్లాడో సొంతంగా పాట కట్టుకుని పాడుతూ ఉంటారు. బాగుంటే బాగుందని, లోపముంటే ఎక్కడుందో చెప్పండి. ఆపైన ఆ పాటను మీకంటే బాగా తెలిసినవాళ్ల దగ్గరికి చేర్చండి. నన్ను దాచిన పెద్దలు చేసింది అదే.