రాయలవారికి రెండు గంటలు

మా తోడల్లుడు బ్యాంకులో ఆడిటరు. అందుకని కుటుంబ ప్రయాణాల బాధ్యతంతా ఆయన నెత్తినే పెడతాం. గుడ్ ఫ్రైడేకి శని, ఆదివారాలు కలిసొచ్చాయనగానే ఎక్సెల్ తెరిచి హంపీ, బాదామి, పట్టదకల్, ఐహోళె, బీజాపూర్ అన్నిటినీ గళ్లలో కుదేసి మా వాట్సాప్ గ్రూపులో పడేశారు. రెండు శతాబ్దాలకు పైగా నిలిచిన విజయనగర సామ్రాజ్యానికి అందులో దక్కింది ఉదయం తొమ్మిది నుంచి పదకొండు. విఠలాలయం రాతిరథానికి పదిహేను నిమిషాలు, ఫొటోలతో కలిపి. అక్కడికి మన కారు వెళ్లదు, కొంత దూరంలోనే దిగి బ్యాటరీ బండి కోసం వరసలో నిలబడాలి. ఆ పదిహేను నిమిషాలూ వరసకే సరి. "రథం యాభై రూపాయల నోటు మీద ఉందిగా" అన్నారాయన. నాలుగు వేల హెక్టార్లకు పైగా పరుచుకున్న హంపీలో మిగతాదంతా ఏ నోటు మీద చూసుకోవాలో చెప్పలేదు.

మొదటి అభ్యంతరం అత్తగారిది.

"రాయలవారి ఊరిని నాశనం చేసినవాళ్ల ఊళ్లో నేను కాలు పెట్టను బాబూ."

1565లో తళ్లికోట యుద్ధం గెలిచిన సుల్తానుల్లో బీజాపూర్ అలీ ఆదిల్‌షా ఉన్న మాట నిజమే. కానీ మనం అక్కడ చూడబోయే గోల్‌గుంబజ్ ఆయనది కాదు, మహమ్మద్ ఆదిల్‌షా సమాధి. అలీ ఈయనకు తాతగారి తోబుట్టువు. "తాతగారి సోదరుడి పాపం మనవడికి చుడితే ఎలా అత్తయ్యగారూ? ఆ లెక్కన మనిళ్లలో ఎవరికీ పెళ్లిళ్లు కావు" అని తోడల్లుడు వాదించారు. ఆవిడ కొంచెం మెత్తబడ్డారు. అక్కడితో ఆపితే బావుండేది. సుమారు 44 మీటర్ల వ్యాసమున్న ఆ గుమ్మటం కింది గ్యాలరీలో ఇటు గోడ దగ్గర గుసగుసలాడితే అటు గోడ దగ్గర వినబడుతుందని కూడా ఆయన ఊరించారు.

"కోడలి గురించి నేననుకునే మాట కోడలికే వినబడే చోటికి డబ్బులిచ్చి మరీ పోవాలా?"

పైగా ఆ గ్యాలరీకి ఏడంతస్తుల మినారులో ఇరుకు మెట్లెక్కాలి. అత్తగారి మోకాళ్ల ఓటుతో బీజాపూర్ ఓడిపోయింది.

బాదామిని తీసేద్దామంటే బావమరిది ఒప్పుకోడు. "మాది రాజమండ్రి బావగారూ, బాదామి మా పెద్దవాళ్ల ఊరు" అంటాడు. బాదామి నుంచి ఏలిన చాళుక్య రాజు రెండో పులకేశి తన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ణి వేంగికి పంపాడు. ఆ వంశంలో పుట్టిన రాజరాజనరేంద్రుడు నన్నయగారి చేత భారతం మొదలుపెట్టించాడు. కనుక తెలుగు సాహిత్యానికి శంకుస్థాపన బాదామిలో జరిగిందని వాడి సిద్ధాంతం. కాస్త అతిశయోక్తే అయినా నా ఓటూ బాదామికే. ఎర్రరాతి కొండను తొలిచిన గుహలు, కింద అగస్త్య తీర్థం. మూడో గుహలో 578 నాటి శాసనం ఉంది. దాని ముందు నిలబడి వాచీ చూసుకోవడం అమర్యాద.

పట్టదకల్ దగ్గర మా ఆవిడకూ, ఆవిడ చెల్లెలికీ ఎన్నడూ లేని ఏకాభిప్రాయం కుదిరింది. ఆ చాళుక్యుల్లోనే రెండో విక్రమాదిత్యుడు కంచి పల్లవులను గెలిచినందుకు రాణి లోకమహాదేవి విరూపాక్షాలయం కట్టించింది. ఆవిడ తోబుట్టువూ సవతీ అయిన త్రైలోక్యమహాదేవి పక్కనే, ఇంచుమించు అదే పోలికలో, మల్లికార్జునాలయం కట్టించింది. ఎవరి గుడి బావుందో వెళ్లి తేల్చాలట. మొగుళ్లకు అందులో ఓటు లేదు.

ఐహోళెకు తోడల్లుడిచ్చింది ముప్పావుగంట. అక్కడ గుళ్లు వందకు పైనే, అంటే గుడికి అర నిమిషం కూడా రాదు. వాటిలో ఒకదాన్ని లాడ్‌ఖాన్ గుడి అంటారు. కట్టించినవాడు కాదు, తర్వాతెప్పుడో అందులో కాపురమున్న ఆయన. ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు తప్పక చూడవలసిన కట్టడం.

ఇంత చర్చా అయ్యాక మళ్లీ అత్తగారే ఇంకో సంగతి కనిపెట్టారు. గుడ్ ఫ్రైడే శుక్రవారమే వస్తుంది. హంపీ పక్కన కమలాపురం మ్యూజియానికి సెలవూ శుక్రవారమే. బాదామి మ్యూజియానిదీ అదే వరస. పైగా ఏప్రిల్ ఎండలో హంపీ బండల మీద చెప్పుల్లేకుండా గుళ్లు తిరగడం భక్తుల వల్లనే అవుతుంది, పర్యాటకుల వల్ల కాదు.

మీరు వెళ్లదలిస్తే నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. శుక్రవారం ప్రయాణంలో గడిచేలా చూసుకోండి. హంపీకి రెండు పూర్తి రోజులైనా ఇవ్వండి. హోస్పేట నుంచి బాదామి సుమారు 150 కిలోమీటర్లు, అక్కడ ఒక రాత్రి ఉంటే పట్టదకల్, ఐహోళె మర్నాడు చూడొచ్చు. బీజాపూర్‌కి ఇంకోసారి వెళ్లండి.