కరెంటు తీసేది నేనే

నేనొక రిలేను. విజయవాడ దగ్గర ఒక సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో, బూడిదరంగు ప్యానెల్‌లో బిగించిన చిన్న పెట్టెను. అండర్ ఫ్రీక్వెన్సీ రిలే అంటారు నన్ను. రాత్రింబవళ్ళు నేను చేసే పని ఒక్కటే, లెక్కపెట్టడం. కరెంటు అల సెకనుకు 50 సార్లు లేచి పడాలి, అంటే ఒక్కో అలకు 20 మిల్లీసెకన్లు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో టర్బైను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే వచ్చే లెక్క ఇది. వాడకం ఉత్పత్తిని మించిందంటే ఎగువకు బండి లాగే ఎద్దుల్లా టర్బైన్లన్నీ కాస్త నెమ్మదిస్తాయి. ఆ నీరసం నాకు వెంటనే తెలిసిపోతుంది. మాకు మెట్లున్నాయి: 49.4 హెర్ట్జ్, 49.2, 49.0, 48.8. నా మెట్టు రాగానే ఎవరినీ అడగను. ట్రిప్ కాయిల్‌కు సంకేతం పంపుతాను, బ్రేకరు ఢామ్మని తెరుచుకుంటుంది, నా ముఖాన ఎర్రదీపం వెలుగుతుంది, ఆ ఫీడరు లైను మీది ఊళ్ళు చీకటవుతాయి. జనం లైన్‌మన్‌ని తిడతారు. తీసింది నేనే. అయినా ఆ తిట్టు న్యాయం కాదని నా వాదన.

కృష్ణా డెల్టా వాళ్ళకు నీటి తీరు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడితే ఆ నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డాయి. ఒక దారి చెడితే నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది, ఆ దారి పట్టేంత ఉందా లేదా అని చూడదు. కరెంటుదీ అదే గుణం. ఒక లైను తెగితే దానిలో పారేదంతా పక్క లైన్ల మీద పడుతుంది, అవీ మోయలేక తెగుతాయి. నీటికి గంటలు పట్టే పని ఇక్కడ సెకన్లలో అయిపోతుంది. ఫ్రీక్వెన్సీ మరీ దిగజారితే టర్బైను రెక్కలు దెబ్బతింటాయని జనరేటర్లు కూడా ఒక్కొక్కటే తప్పుకుంటాయి. లోటు ఇంకా పెరుగుతుంది. అంతా ఆరిపోయాక మళ్ళీ వెలిగించడం స్విచ్ వేసినంత తేలిక కాదు. బొగ్గు మిల్లులు, ఫ్యాన్లు, పంపులు తిరగాలంటే థర్మల్ కేంద్రానికే బయటి నుంచి కరెంటు కావాలి. అందుకే జలవిద్యుత్ కేంద్రాలతో మొదలుపెట్టి అంచెలంచెలుగా నిలబెట్టుకు రావాలి. అరగంట నాలుగు ఫీడర్లు ఆగడం మేలా, రాష్ట్రమంతా రోజంతా ఆగడం మేలా? నా ఉనికికి కారణం ఈ ప్రశ్నే.

మా జాతి తప్పు చేయలేదని చెప్పను. 2012 జులై 30 తెల్లవారుజామున 2.33కు బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను తెంపింది మా బంధువే, డిస్టెన్స్ రిలే. ఆ లైనులో షార్ట్ సర్క్యూట్ లేదు. మితిమీరిన లోడును చూసి ఎక్కడో దూరాన షార్ట్ అయిందని పొరబడింది. ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పోయి 60 కోట్ల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో 5 కోట్ల మందిని చీకట్లో పడేసిన వరుసలో కూడా ఇలాంటి పొరపాటు ఉంది. అయితే అదే 2012 జులై 31న తూర్పు నుంచి మనకు వచ్చే కరెంటు పోయి దక్షిణాన ఫ్రీక్వెన్సీ దిగినప్పుడు నాలాంటి రిలేలు కొంత లోడు తెంపాయి, దక్షిణ గ్రిడ్ నిలిచింది. తెంపడం రెండుచోట్లా ఉంది. అక్కడ తెగింది బరువు మోస్తున్న దారి, ఇక్కడ తెగింది బరువు. గ్రిడ్ బలమంటే ఎప్పుడూ తెగకపోవడం కాదు, తెగాల్సిన చోట, తెగాల్సినంతే తెగడం.

‘ఆనాడు దక్షిణం బతికింది, కరెంటును ఇస్తూనే ఫ్రీక్వెన్సీని కలపని డీసీ లింకులతో విడిగా ఉన్నందుకే కదా, మరి 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశ గ్రిడ్‌లో ఎందుకు కలిపారు?’ అని అడిగేవాళ్ళున్నారు. విడిగా ఉండటం మేలు చేసిన మాట నిజమే. కానీ ఆ 2012లోనే ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు చాలక పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చారు. విడి కాపురంలో పక్కింటి నిప్పు అంటదు, పక్కింటి బియ్యమూ అందవు. పెద్ద గ్రిడ్‌లో వేల టన్నుల టర్బైన్లు ఒకే వేగంతో తిరుగుతుంటాయి కాబట్టి ఒక యూనిట్ ఆగినా ఫ్రీక్వెన్సీ పెద్దగా చలించదు. కలిసి ఉండటంలోని ప్రమాదానికి మందు విడిపోవడం కాదు, నాలాంటి కాపలా.

రెండో ఆక్షేపణ ఇంతకంటే బరువైనది: తెగేది ఎవరి ఫీడరు? కైకలూరు వైపు చేపలు, రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది. నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే పంటంతా తేలిపోతుంది. ఆస్పత్రి ఫీడరును పక్కన పెట్టినట్టు ఈ చెరువుల వేళనూ లెక్కలోకి తీసుకోవాలి. ఇక ఇళ్ళ కప్పుల మీద సోలార్ పెరిగిన ఫీడరును మధ్యాహ్నం తెంపితే లోడుతోపాటు ఉత్పత్తీ పోతుంది. ఏయే ఫీడర్లను తెంపాలో రాసిపెట్టిన నిన్నటి జాబితా ఇవాళ తప్పు కావచ్చు. అన్ని జబ్బులకూ నేను మందునూ కాను. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైంది వోల్టేజీ మితిమీరినందువల్ల. లోడు తెంపితే వోల్టేజీ ఇంకా పెరుగుతుంది గాని తగ్గదు. అక్కడ కావలసింది వోల్టేజీని అదుపులో పెట్టే వేరే ఏర్పాటు.

ఏ అంకె దగ్గర తెంపాలో, ఏ ఫీడరును తెంపాలో నేను నిర్ణయించను. మనుషులు నాలో పెట్టిన మాటే పాటిస్తాను. అందుకే ఆ జాబితాను ఏటా ఎండాకాలానికి ముందు తిరగరాయమని ఇంజినీర్లను కోరుతున్నాను. మీరు కూడా సబ్‌స్టేషన్‌కు వెళ్ళి, మీ ఊరి ఫీడరు నా జాబితాలో ఉందో లేదో అడగండి. చెరువుగట్టు మీద జనరేటరు పెట్టుకోవాలో వద్దో ఆ జవాబే చెబుతుంది.