నాకంటిన మందు

నేనొక నల్ల ప్రోట్రేని. నాకు 98 గుంతలు. మదనపల్లె దగ్గర ఒక షేడ్‌నెట్ నర్సరీలో ఉంటాను. గుంతల్లో కొబ్బరి పొట్టు నింపి, ఒక్కోదాంట్లో ఒక టమాటా విత్తు వేస్తారు. పాతిక రోజులు దాటితే నారు నాటుకు సిద్ధం. వేళకు తీసుకెళ్తే ఏ చిక్కూ లేదు. వాన పడలేదనో, దుక్కి కాలేదనో రైతు ఆగుతాడు. అప్పుడు నా మీది మొక్కలు ఒకదానికొకటి నీడ కమ్మి, వెలుతురు కోసం ఎగబాకి, సన్నగా సాగిపోతాయి. అలాంటి నారు నాటితే గాలికి నిలవదు.

ఒక ఏడు అలాగే జరిగింది. "నారు సాగిపోతా ఉందన్నా, ఏదన్నా మందు కొట్టాల" అన్నాడు నీళ్ళు కట్టే కుర్రాడు. మామిడి తోటకు తెచ్చిన పాక్లోబ్యూట్రజాల్ సీసాలో కాస్త మిగిలి ఉంది. యజమాని దాన్నే నీళ్ళలో కలిపి కొట్టించాడు.

ఆ మందు పని తెలియాలంటే వరి సంగతి చెప్పాలి. వరి నారు వెర్రిగా సాగి చచ్చిపోయే తెగులు ఒకటుంది. ఒక బూజు వదిలే పదార్థమే దానికి కారణమని 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా చూపించాడు. అదే గిబ్బరెల్లిన్. కాండం సాగడానికి ప్రతి మొక్కా దాన్ని తనలోనూ తయారుచేసుకుంటుంది. పాక్లోబ్యూట్రజాల్ ఆ తయారీకి అడ్డుపడుతుంది. ఆకులు వస్తూనే ఉంటాయి, కణుపుల మధ్య దూరమే తగ్గుతుంది. కాండం నుంచీ వేరు నుంచీ పైకి పాకే మందు కాబట్టి, ఆకుల మీంచి కారి పొట్టులోకి దిగిన చుక్కలు ఇంకా గట్టిగా పనిచేస్తాయి.

నారు పొట్టిగా, ముదురాకుపచ్చగా నిగనిగలాడింది. రైతులు మెచ్చి తీసుకెళ్ళారు. అందరూ ఆ రంగే చూశారు, నన్ను ఎవరూ చూడలేదు.

తర్వాత నన్ను నీళ్ళతో కడిగి, కొత్త పొట్టు పోసి, మిరప విత్తారు. మొలకలు వచ్చాయి కానీ లేవలేదు. నేలకు అతుక్కున్నట్టు కూర్చున్నాయి. విత్తనం మంచిది కాదని అంగడివాడితో గొడవపడ్డారు. విత్తనానిది తప్పు కాదు. ఆ మందు మట్టిలో చాలాకాలం నిలుస్తుంది. నాలాంటి ప్లాస్టిక్‌నూ అంటుకుని ఉంటుంది, ఉత్త కడుగుడుకు పూర్తిగా పోదు. నోరుంటే ఆ రోజే చెప్పేదాన్ని.

నర్సరీ నడిపే అన్నలారా, నాటే తేదీ ఖాయమయ్యాకే విత్తండి. సాగుతున్న నారుకు వెలుతురు, ఎడం ఇవ్వండి, నీళ్ళు తగ్గించండి. మామిడికి తెచ్చిన మందును కూరగాయల నారు మీదికి తేవద్దు. ఇప్పటికే కొట్టి ఉంటే, ఆ ట్రేలకు రంగు గుర్తు పెట్టి విడిగా ఉంచండి. వాటిలో మళ్ళీ నారు పోయకండి.